53వ పేరు

చి. బుజ్జికి, చిన్నోడికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మమ్మా నేనూ కులాసా. తెనాలిలో ఈ వారమంతా వానలే. పెరట్లో జామచెట్టు విరగకాసింది. కోయడానికి మీరు లేరని అమ్మమ్మ రోజూ తలుచుకుంటోంది.

మొన్న ఆదివారం ఫోన్లో మీరిద్దరూ పోట్లాడుకున్నది ఇంకా నా చెవుల్లోనే ఉంది. మీ డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఉందిగా, అది ప్రీసీజన్‌లో, అంటే సీజన్‌కి ముందు ఆడే లెక్కలోకి రాని మ్యాచ్‌లో, అసలు క్వార్టర్‌బ్యాక్‌ని, అదే బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి, దింపాలా వద్దా అని మొదలైంది. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని పంపెయ్యాలి అనేదాకా వెళ్ళింది. ఆఖర్న చిన్నోడు ఒక ఆటగాడి గురించి, "వాడికి ఎప్పుడూ దెబ్బలే తాతయ్యా, పీకేస్తే పీడా పోతుంది" అన్నాడు. అమ్మ కసిరింది, ఫోన్ పెట్టేశారు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కోప్పడటానికి రాయడం లేదు నాన్నా. 31 ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. ఏటా పిల్లల జట్లు కట్టినవాణ్ణి. ఆ వాదన ఎంత ఊపుగా ఉంటుందో నాకు తెలుసు. దాని వెనక ఏముంటుందో కూడా కొంచెం తెలుసు, అదే చెబుదామని. మనబడిలో తెలుగు చదువుకుంటున్నారుగా, నిదానంగా చదవండి. అర్థం కాని మాట ఉంటే అమ్మని అడగండి.

మొదట అమెరికాలో మీ ఊరికి వచ్చినప్పుడు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే అనుకున్నాను. హనుమాన్ గుడికి వెళ్ళొస్తూ మీ నాన్న నన్ను 'ద స్టార్' దగ్గర దించి, కౌబాయ్స్ ప్రాక్టీసు చేసేది ఇక్కడేనని చూపించాడు. ఆ తర్వాత నాతోపాటు కూర్చుని నాలుగు మ్యాచ్‌లు చూపించాడు. ఐదో మ్యాచ్‌కి నేనే నాన్నని పిలిచి కూర్చోబెట్టాను. కబడ్డీ తెలిసినవాడికి ఆ ఆట పట్టుబడటం కష్టం కాదు. పట్టు, విడిపించుకోవడం, గీత దాటడం అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు మీరు వాదించుకున్న లెక్కకి వస్తాను. జులై ఆఖర్లో ట్రైనింగ్ క్యాంప్ మొదలయ్యేటప్పుడు ఒక్కో జట్టులో 90 మంది ఉంటారు. ఆగస్టు ఆఖరికి 53 మందే మిగలాలి. అంటే ఒక్కో జట్టు నుంచి 37 మంది తగ్గాలి. లీగ్‌లోని 32 జట్లకీ కలిపి 1,184 మంది. అందులో కొందరు గాయపడినవాళ్ళ జాబితాలోకి పోతారనుకోండి. అయినా గడువు ముగిసేసరికి వెయ్యిమందికి పైగా కుర్రాళ్ళ పేర్లు చెరిగిపోతాయి.

అది ఎలా జరుగుతుందో బుజ్జీ, నువ్వు అడిగావు. పొద్దున్నే కుర్రాడు వస్తాడు, సామాను పెట్టుకునే అర దగ్గరికి నడుస్తుంటాడు. జట్టు మనిషి ఒకాయన ఎదురొచ్చి, "కోచ్ నిన్ను చూడాలంటున్నారు, ప్లేబుక్ తెచ్చుకో" అంటాడు. ఆ మనిషిని ఆటగాళ్ళు 'టర్క్' అని పిలుస్తారు. ఎత్తుగడలన్నీ రాసి ఉన్న ఆ పుస్తకం జట్టు సొత్తు. ఇప్పుడైతే పుస్తకం పోయి టాబ్లెట్ వచ్చింది. దాన్ని తెమ్మన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. గదిలో రెండు నిమిషాల మాట, ఒక సంతకం. అసలు జీతం సీజన్ మొదలయ్యాకే వారం వారం వస్తుంది. క్యాంప్ రోజులకి ఇచ్చేది అందులో కొంచెమే. అందుకని ఆ తలుపు దగ్గర ఆగిపోయినవాడికి ఆ ఏడాది సంపాదన కూడా అక్కడే ఆగిపోతుంది.

అలా తీసేసినవాళ్ళలో నాలుగు సీజన్లు పూర్తికానివాడి పేరు 24 గంటలపాటు 'వేవర్స్' అనే జాబితాలో ఉంటుంది, కావాల్సిన జట్టు అడిగి తీసుకోవచ్చు. కిందటేడు ఎక్కువ ఓడిపోయిన జట్టుకి ముందుగా అడిగే హక్కు. ఎవరూ అడగకపోతే, అదృష్టం బాగుంటే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి పిలుస్తారు. వాళ్ళు 16 మంది. వారమంతా ప్రాక్టీసు చేస్తారు, పైకి పిలిస్తే తప్ప మ్యాచ్ రోజున ఆడరు.

మీ వాదనంతా పాస్ పట్టేవాళ్ళ మీదా, విసిరేవాళ్ళ మీదా సాగింది. చివరి నాలుగైదు చోట్లు మాత్రం చాలాసార్లు కిక్‌ఆఫ్ అప్పుడు ప్రాణం పెట్టి పరిగెత్తి ఎదుటివాణ్ణి పడగొట్టేవాడికి దక్కుతాయి. వాడు టీవీలో ఒక్క క్షణం కనిపిస్తాడు. మా రోజుల్లో కూడా ఊరంతా కూతగాణ్ణే చూసేది. కార్నర్లో నిలబడి చీలమండ పట్టేవాడి పేరు ఎవడికీ గుర్తుండేది కాదు. మాస్టారికి మాత్రం ముందు గుర్తొచ్చేది వాడే.

మీకు ఒక వరస చెబుతాను. ఇది నాకు ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేను.

2000లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు 53 మందిలో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లని ఉంచుకుంది. మామూలుగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. నాలుగోవాడు ఎందుకు దండగ అని ఎవరైనా అంటారు, నేనూ అనేవాణ్ణే. కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ నాలుగోవాడు 199వ పేరు. ఆ ఏడాదంతా కలిపి మూడు బంతులు విసిరాడు, ఒకటే చేరింది. పేరు టామ్ బ్రేడీ.

మరుసటేడు సెప్టెంబరు 23న పేట్రియట్స్ అసలు క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో గీత దగ్గర గట్టిగా ఢీకొట్టించుకున్నాడు. లోపల రక్తనాళం తెగి ఛాతీలో రక్తం చేరింది. ప్రాణం మీదికి వచ్చింది. బ్రేడీ దిగాడు. ఆ సీజన్ ఆఖర్న సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచాడు. ఓడిన సెయింట్ లూయిస్ రామ్స్ వైపు క్వార్టర్‌బ్యాక్ ఎవరో తెలుసా? కర్ట్ వార్నర్. 1994లో గ్రీన్ బే క్యాంప్ నుంచి పంపేస్తే, అయోవాలోని సీడర్ ఫాల్స్‌లో కిరాణా స్టోర్లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దినవాడు. గంటకి 5.50 డాలర్లు. అతని దారి తెరుచుకున్నదీ ఒక గాయంతోనే. 1999 ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌లో రామ్స్ అసలు క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది. కోచ్ డిక్ వెర్మీల్ విలేఖరుల ముందు కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. ఆ సీజన్‌లోనే వార్నర్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. ఉంచుకోవడమే దండగ అనిపించేవాడూ, వద్దని పంపేసినవాడూ చివరికి ఒకే మైదానంలో ఎదురుబొదురుగా నిలబడ్డారు. దీన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వరస అయిపోలేదు. బ్లెడ్‌సో చోటు పోయి బఫెలో వెళ్ళాడు, అక్కణ్ణుంచి 2005లో మీ డల్లాస్‌కి వచ్చాడు. 2006 అక్టోబరులో ఒక మ్యాచ్ సగంలో అతన్ని కూర్చోబెట్టి ఇంకో కుర్రాణ్ణి పంపారు. 2003 డ్రాఫ్ట్‌లో ఆ కుర్రాడి పేరు ఎవరూ పిలవనే లేదు. అతనే టోనీ రోమో. పదేళ్ళు కౌబాయ్స్‌ని నడిపించాడు.

2016 ఆగస్టుకి రోమో వయసు 36. అంతకుముందు ఏడాది భుజం దగ్గరి కాలర్ ఎముక రెండుసార్లు విరిగి నాలుగు మ్యాచ్‌లే ఆడాడు. జట్టు 4 గెలిచి 12 ఓడింది. అతని వెనక ఉండాల్సిన కెలెన్ మూర్‌కి క్యాంప్ మొదట్లోనే కాలి ఎముక విరిగింది. మిగిలింది డ్రాఫ్ట్‌లో 135వ పేరుగా వచ్చిన డాక్ ప్రెస్కాట్. పచ్చి కుర్రాడు. ఆగస్టు 25న సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్. రోమో దిగాక అది మూడో ఎత్తుగడ. బంతి పట్టుకుని పక్కకి పరిగెత్తి కిందికి జారబోతుంటే వెనకనుంచి క్లిఫ్ ఏవ్రిల్ వచ్చి మీద పడ్డాడు. నడుము ముందుకి మడతపడినట్టు అయిపోయింది. ఆ దృశ్యం నేను మీ నాన్న ల్యాప్‌టాప్‌లో చూశాను, రెండోసారి చూడలేకపోయాను. లేచాడు, నడిచాడు. తర్వాత తేలిందేమిటంటే వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయి చిట్లింది.

ప్రెస్కాట్ మొదటి మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. తర్వాత వరసగా 11 గెలిచాడు. నవంబరుకి రోమో కోలుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఆడాలి? రోమోనే విలేఖరుల ముందుకు వచ్చి, రాసుకున్న కాగితం చూస్తూ చదివాడు. ఈ చోటు డాక్ సంపాదించుకున్నాడని ఒప్పుకున్నాడు. చదివేసి, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ సీజన్‌లో ఒకే ఒకసారి, ఆఖరి మ్యాచ్‌లో కాసేపు దిగి ఒక టచ్‌డౌన్‌కి, అంటే ఆఖరి గీత దాటించడానికి, బంతి విసిరి అందించాడు. మళ్ళీ ఆడలేదు. మీరు ఆదివారాలు టీవీలో వినే వ్యాఖ్యానం ఆయనదే.

చిన్నోడా, నువ్వు "పీకేస్తే పీడా పోతుంది" అన్నప్పుడు నాకు ఆ కాగితమే గుర్తొచ్చింది.

ఇక అసలువాళ్ళని ప్రీసీజన్‌లో ఆడించాలా అన్నది. బుజ్జి వద్దంటుంది, రోమోని చూపిస్తుంది. ఆ మాటలో బలముంది. రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే చాలా ఏళ్ళుగా ముఖ్యమైనవాళ్ళని ఆ మ్యాచ్‌ల్లో దింపడు. ఆ జట్టే 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. కానీ 2008 సంగతి విను. పాదం నొప్పి అని టామ్ బ్రేడీ ఆ ఏడాది ప్రీసీజన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. సెప్టెంబరు 7న మొదటి అసలు మ్యాచ్‌లో, ఇంకా మొదటి క్వార్టర్ కూడా పూర్తి కాలేదు, మోకాలు పోయింది. ఏడాదంతా పోయింది. దాచినవాడూ పడ్డాడు, దింపినవాడూ పడ్డాడు. నన్నడిగితే ఒకటి రెండు సార్లు బంతి చేతికిచ్చి కూర్చోబెట్టాలంటాను. ఒంటికి దెబ్బ అలవాటు కాకుండా నేరుగా యుద్ధంలోకి పంపడం నాకు ఇష్టం ఉండదు. అయితే ప్రాక్టీసులోనే అలవాటు చెయ్యొచ్చని బుజ్జి అంటే, కాదనడానికి నా దగ్గర గట్టి జవాబు లేదు.

మోకాలి గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను. తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే తాళ్ళలాంటివి లోపల ఉంటాయి. వాటిలో నడిమధ్యన ఉండేదాన్ని ఏసీఎల్ అంటారు. చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. పాదం నేలకి గట్టిగా ఆనుకుని ఉండగా ఒళ్ళు పక్కకి తిరిగితే చాలు. అది పూర్తిగా తెగితే మామూలుగా దానంతటదే అతుక్కోదు. చాలాసార్లు వాడి ఒంట్లోంచే ఇంకో చోట కండరాన్ని ఎముకకి కలిపే పట్టీలో కొంత తీసి, ఆపరేషన్ చేసి దాని స్థానంలో అమరుస్తారు. మళ్ళీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. ఎముక విరిగితే ఆరు వారాల మాటే కావచ్చు. కాబట్టి 'గాయం' అని ఒక్క మాట వినగానే లెక్కలు వేసేయకండి, ఏ గాయమో కనుక్కోండి. ఆటలో దెబ్బ తగిలినవాణ్ణి ఒట్టి చేతులతో పంపడానికి అక్కడ ఆటగాళ్ళకీ లీగ్‌కీ ఉన్న ఒప్పందం ఒప్పుకోదు. ఇంజ్యూర్డ్ రిజర్వ్ జాబితాలో ఉంచాలి, లేదా ఇన్ని వారాల జీతమని తేల్చి ఇవ్వాలి. సీజన్ మధ్యలో ఆ జాబితాకెక్కితే కనీసం 4 మ్యాచ్‌లు కూర్చోవాలి.

ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో పదో తరగతి కుర్రాడు ఒకడుండేవాడు. వాడి కూత మొదలైతే ఎదుటి జట్టు నాలుగడుగులు వెనక్కి పోయేది. జిల్లా పోటీలకి వారం ముందు వాడి కుడి మోకాలు మెలికపడి వాచింది. నేను నొక్కి చూశాను, వేలు పెడితే గుంట పడింది. వాడి బదులు ఆడటానికి తొమ్మిదో తరగతి పిల్లాడు సిద్ధంగానే ఉన్నాడు. కానీ ఊరివాళ్ళు, తోటి మాస్టర్లు, పిల్లలు అందరూ వాడు లేకపోతే గెలవమన్నారు. వాడూ "ఏం కాదు సార్, నొప్పి తగ్గిపోయింది" అన్నాడు. నేను నమ్మాలనుకున్నాను, నమ్మాను. క్రేప్ బ్యాండేజీ చుట్టి దింపాను. రెండో కూతకి వెళ్ళి, గీత దగ్గర తిరగబోయాడు. ఎవరూ తాకలేదు. టప్‌మని శబ్దం నాకు కోర్టు బయటికి వినిపించింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆపరేషన్ మాట ఎవరికి తెలుసు? కట్టు కట్టించారు. నడిచాడు గానీ మళ్ళీ ఆడలేదు. ఇప్పుడు వాడికీ మనవలున్నారు. కిందటేడు సంక్రాంతికి గుడి దగ్గర కనిపించి, "బాగున్నారా సార్" అని నా పాదాలకి దణ్ణం పెట్టబోయాడు. వంగలేక గోడ పట్టుకున్నాడు. నేనే వాడి చేయి పట్టుకుని మెట్లు దించాను. ఇద్దరం ఆ మ్యాచ్ ఊసెత్తలేదు.

వాదించుకోవడం మానొద్దు. మీరిద్దరూ అలా గొంతులు పెంచి మాట్లాడుకుంటుంటే నాకు ఎంత బాగుంటుందో. ఇద్దరూ చెరో కాగితం తీసుకుని మీ 53 మంది పేర్లు రాయండి. వెనకవైపు మీరు తీసేసిన 37 పేర్లు కూడా రాయండి, ఎందుకు తీశారో పక్కన ఒక్క మాట. తెలుగులోనే. ఫోటో తీసి అమ్మ వాట్సాప్ నుంచి పంపండి. నేను ముందు వెనకవైపే చదువుతాను.

అమ్మమ్మ జామకాయలు పంపడం కుదరదని, మాగాయ పచ్చడి కట్టి ఉంచింది. వచ్చే నెల మీ వీధిలోనే ఉండే ఒకబ్బాయి ఇక్కణ్ణుంచి అక్కడికి వస్తున్నాడట, అతనితో పంపుతున్నాం.

ప్రేమతో,
తాతయ్య