చేతినిండా పని ఉన్నా తోచదెందుకు?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట బెంచీల మీద చేరే పెద్దవాళ్ల మధ్య తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. మనవలను చూసుకోవడానికి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చినవాళ్లు. స్కూలు బస్సు ఎక్కించడం, టిఫిను పెట్టడం, డ్యాన్సు క్లాసుకు దిగబెట్టడం... పొద్దున్నుంచీ తీరిక ఉండదు. అయినా ఎవరిని పలకరించినా "ఇక్కడ ఏమీ తోచడం లేదండీ" అంటారు. ఈ మాటను ఊరిమీద బెంగ అని కొట్టిపారేయకూడదు.

మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించారు. అందులో ఏడోది నడివయసు. తనకు తెలిసినదాన్ని తర్వాతి తరానికి అందించాలనే తపన అప్పుడు బలపడుతుందని, దానికి దారి దొరకకపోతే మనసు స్తబ్ధమవుతుందని ఆయన అన్నారు. ఆ తపన డెబ్బైల్లోనూ చల్లారదని నా నమ్మకం.

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఇలాంటి అవకాశం ఇస్తే ఏమవుతుందో చూశారు. అరవై దాటినవారిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పంపారు. వారానికి 15 గంటలు పిల్లలకు చదవడం నేర్పాలి, గ్రంథాలయంలో సాయపడాలి, తగవులు తీర్చాలి. వారిలో 111 మంది మెదడు స్కాన్ల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బడికి వెళ్లని పురుషుల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ వంటి భాగాలు రెండేళ్లలో కొద్దిగా కుంచించుకుపోగా, వెళ్లినవారిలో కాస్త పెరిగాయి. స్త్రీలలో ఈ లాభం తక్కువ. తేడాలు చిన్నవే. అయినా లాటరీతో విడదీశారు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బడికి వెళ్లి ఉంటారులే అని తీసిపారేయలేం.

నేర్పడంలో అంత బలం ఎక్కడిది? మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన పిల్లలకు సైకిలు పంచరు వేయడం నేర్పుతుంటారు. ట్యూబును బకెట్టు నీళ్లలో ముంచి, బుడగలు వచ్చేచోట గుర్తు పెట్టిస్తారు. ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దించి, సొల్యూషన్ పూయిస్తారు. పిల్లవాడు వెంటనే ప్యాచ్ అంటించబోతే చెయ్యి పట్టుకుని ఆపుతారు. "తొందరపడకు నాన్నా, తడి మీద అంటిస్తే ఊడిపోతుంది." "ఎందుకు తాతయ్యా?" అని వాడు అడుగుతాడు. నలభై ఏళ్లుగా చేతికి మాత్రమే తెలిసిన విషయాన్ని ఆయనిప్పుడు మాటల్లో పెట్టాలి. ఒక పిల్లకు చెప్పిన తీరు ఇంకొకరికి ఎక్కదు, మరో దారి వెతకాలి. జ్ఞాపకం, ఓర్పు, ఎదుటివారి ముఖం చూసి గ్రహించడం అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాసేపూ ఆయన లేకపోతే జరగని పని ఒకటి ఆయన చేతిలో ఉంటుంది. స్కూలు బ్యాగు మోయడంలో అది లేదు.

ఇంకో సంగతి కూడా మన ఇళ్లలో మాట్లాడుకోవాలి. మెల్‌బోర్న్‌లో 57 నుంచి 68 ఏళ్ల మహిళల మీద జరిగి, 2014లో వెలువడిన అధ్యయనంలో వారానికి ఒక రోజు మనవలను చూసుకునే అమ్మమ్మలు, నానమ్మలు మేధో పరీక్షల్లో బాగా రాణించారు. ఐదు రోజులు, అంతకుమించి చూసుకునేవారు ఒక పరీక్షలో వెనకబడ్డారు. ఎంత ఎక్కువ సమయం మనవలతో గడిపితే, తమ పిల్లలు తమ నుంచి అంత ఎక్కువగా ఆశిస్తున్నారని వారు చెప్పారు. ఇందులో ఏది కారణమో ఏది ఫలితమో ఈ ఒక్క అధ్యయనంతో తేలదు. అయినా బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనం, మన అమ్మానాన్నల రోజును ఒకసారి గంటల లెక్కన వేసి చూడాలి. అందులో వాళ్లు ఇష్టపడి పిల్లలకు ఏదైనా నేర్పే గంట ఉందా? లేకపోతే బస్సు దగ్గరికి వెళ్లే పనో, టిఫిను పనో మనం తీసుకుని ఆ గంటను వాళ్లకు ఖాళీ చేయవచ్చు.