తారురోడ్డు మీద గైడ్ కుక్క

బొగ్గు గనుల పనికీ, పేపర్ మిల్లు పనికీ వచ్చి మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చూపులేని మనిషి ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: ‘ఫారిన్‌లో లాగా మనకూ దారి చూపే ఓ గైడ్ కుక్క ఉంటే?’ అడగాల్సిన మాటే. కాకపోతే కుక్క తరఫున కూడా ఒకరు అడగాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన జర్మన్ సైనికుల కోసం 1916లో ఒల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ తొలి శిక్షణ కేంద్రం పెట్టాడు. 1929లో అమెరికాలోని నాష్‌విల్‌లో ‘సీయింగ్ ఐ’ అనే గైడ్ కుక్కల సంస్థ మొదలైంది. 1931లో ఇంగ్లండ్‌లోని వాలసీలో నాలుగు అల్సేషియన్లు పనిలోకి దిగాయి. ఈ పని పద్ధతులు ఎక్కువగా చలిదేశాల్లో తయారయ్యాయని గుర్తుపెట్టుకోవాలి.

చంద్రపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒళ్ళు చల్లబరుచుకోవాలి. చెయ్యి తిరగేసి మధ్యాహ్నం తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని అరికాలి మెత్తలూ ఓర్చుకోలేవు. యజమానికి ఆ కాలిన మెత్తలు కనిపించవు. చేత్తో తడిమి తెలుసుకోవడం నేర్పాలి.

తర్వాత పిడుదులు. చెవుల మడతల్లో, వేళ్ళ సందుల్లో పట్టుకునే ఈ పురుగులు ఎర్లికియా జ్వరం తెస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారొచ్చు. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మందుతో నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. రక్తపరీక్ష దగ్గర్లో కుదరకపోతే నాగ్‌పూర్ పశువైద్య కళాశాలకు పోవాలి, చంద్రపూర్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. గడ్చిరోలి జిల్లా సిరొంచ వాళ్ళకైతే ఇంకా చాలా దూరం.

తిండి సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. ఇప్పుడు ఈ పనిలో లాబ్రడార్లే ఎక్కువ. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించిన లాబ్రడార్లకు ఆకలి తీరదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. వాళ్ళు చూసిన పెంపుడు లాబ్రడార్లలో సుమారు 23 శాతానికి ఈ లోపముంటే, సహాయక లాబ్రడార్లలో 76 శాతానికి ఉంది. తిండి ఆశ చూపితే చెప్పిన మాట నేర్చుకోవడానికి ఆ ఆకలే పనికొస్తుందేమో. కానీ టీకొట్టు దగ్గర కుక్కకు బిస్కెట్ వేయడం మనకు పుణ్యం. పదిమంది పుణ్యం కలిస్తే కుక్క బరువెక్కుతుంది. లాబ్రడార్లకూ అల్సేషియన్లకూ తుంటికీలు జబ్బు ముందే ఉన్న బెడద, ఆ బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. అందుకే మంచి సంస్థలు తుంటి ఎక్స్‌రే చూశాకే కుక్కల్ని ఈనిస్తాయి.

వీధికుక్కల గుంపు ఎదురైతే? పట్టీ కట్టి పనిలో ఉన్న కుక్క తిరగబడకూడదు, యజమానిని వదిలి పరుగెత్తకూడదు. ఒక్కసారి గట్టిగా కరిపించుకున్న కుక్క మళ్ళీ ఆ వీధిలో అడుగేయడానికి వణకొచ్చు. శిక్షణంతా అక్కడితో పోయినట్టే.

పదేళ్ళ వయసు వచ్చేసరికి చాలా కుక్కల్ని పని మాన్పిస్తారు. కీళ్ళనొప్పుల మాత్రలు మొదలయ్యేది అప్పుడే. కుక్కను ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే, ఆ ముసలితనంలో అది ఎవరింట్లో ఉంటుందో, మందుల ఖర్చు ఎవరిదో ఇచ్చేరోజే కాగితం మీద రాయించుకోవాలి.