స్లయిడ్ మీద రంగు పట్టని గడ్డ: ఎస్‌డీహెచ్ లోపంతో వచ్చే కిడ్నీ క్యాన్సర్ నేపథ్యం

మొత్తం కిడ్నీ క్యాన్సర్లలో, ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ లోపంతో వచ్చే ఈ రకం వాటా 0.05 నుంచి 0.2 శాతమే. ఇంత అరుదైన జబ్బు కోసం, చిన్న వయసువాళ్ల కిడ్నీ గడ్డ అనుమానంగా కనిపించినప్పుడల్లా అదనంగా ఒక స్టెయిన్ (గడ్డ ముక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) వేయాలా? గడ్డ ముక్కల్ని పరీక్షించి జబ్బును తేల్చే పాథాలజిస్టుల మధ్య ఈ వాదన ఎప్పటికప్పుడు లేస్తూనే ఉంది. దీని మూలం జన్యువులో కన్నా ల్యాబ్‌లోనే ఎక్కువగా ఉంది.

జన్యువు సంగతి ముందే తెలుసు. మెడలో, అడ్రినల్ గ్రంథిలో వచ్చే కొన్ని వంశపారంపర్య గడ్డలకు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సక్సినేట్ డీహైడ్రోజినేజ్ (ఎస్‌డీహెచ్) అనే ఎంజైమ్ లోపమే కారణమని 2000లోనే బయటపడింది. అవే కుటుంబాల్లో చిన్న వయసులో కిడ్నీ క్యాన్సర్ కూడా వస్తోందని 2004లో గుర్తించారు. అయినా మామూలు ఆసుపత్రిలో డాక్టర్ చేతికి పనికొచ్చే సాధనం ఏదీ రాలేదు.

అసలు మలుపు 2009లో వచ్చింది. ఈ ఎంజైమ్‌లో నాలుగు భాగాలుంటాయి. ఏ ఒక్కటి చెడినా ఎస్‌డీహెచ్‌బీ అనే భాగం నిలవలేక కణంలోంచి మాయమవుతుంది. అంటే ఆ ఒక్క ప్రొటీన్ కోసం స్టెయిన్ వేస్తే చాలు. చుట్టూ ఉన్న రక్తనాళాల కణాలకు రంగు పట్టి, గడ్డకు పట్టకపోతే లోపం ఉన్నట్టే. నెదర్లాండ్స్ బృందం మెడ, అడ్రినల్ గడ్డల్లో దీన్ని చూపించింది. రెండేళ్లకు సిడ్నీలో ఆంథనీ గిల్ బృందం కిడ్నీ గడ్డలకూ తమదైన రూపం ఉందని వివరించింది. మైక్రోస్కోపు కింద ఇవి చాలాసార్లు ఆంకోసైటోమాలా, అంటే ప్రమాదం లేని గడ్డలా కనిపిస్తాయి. స్టెయిన్ కావాలనేవాళ్ల భయమంతా ఇక్కడే ఉంది.

2014లో ఇదే బృందం 27 మంది రోగుల వివరాలు ఇచ్చింది. సగటు వయసు 37. జన్యు పరీక్ష చేయించుకున్న 17 మందిలో అందరికీ పుట్టుకతో వచ్చిన మార్పే దొరికింది. తొమ్మిది మందికి క్యాన్సర్ పాకింది. వాళ్లలో ఒకరికి పాకింది 30 ఏళ్ల తర్వాత! ‘ప్రమాదం లేదు’ అని రిపోర్టు ఇచ్చి పంపేస్తే ఆ మనిషిని అన్నేళ్లు గమనిస్తూ ఉండేదెవరు?

వద్దనేవాళ్ల మాటలోనూ పస ఉంది. కొన్ని మామూలు గడ్డల్లో, ముఖ్యంగా కణాలు తేటగా ఉన్నచోట, రంగు పలచగా పడి పొరపాటు జరగొచ్చు. అనవసరంగా ఒక కుటుంబమంతా టెన్షన్ పడుతుంది. అందుకే అందరికీ కాకుండా, వయసునీ రూపాన్నీ చూసి ఎంచుకోమంటారు. కానీ ఆ రూపాన్ని గుర్తుపట్టే కన్ను ప్రతి ల్యాబ్‌లో ఉంటుందనుకోవడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని ప్రత్యేక రకంగా ఒప్పుకుంది. 2022 వర్గీకరణలో, అణుస్థాయి మార్పును బట్టి నిర్వచించే కిడ్నీ గడ్డల జాబితాలో చేర్చింది. రోగికి ఈ జన్యుమార్పు ఉంటే తోబుట్టువులకూ పిల్లలకూ అది ఉండే అవకాశం ఒక్కొక్కరికి 50 శాతం. ముందే తెలిస్తే కిడ్నీలతో పాటు మెడ, కడుపు భాగాలకూ క్రమం తప్పకుండా స్కాన్లు చేయించుకోవచ్చు. ఇదంతా మొదటి రోగి స్లయిడ్ మీద ఆ స్టెయిన్ వేశారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.