ఇంట్లో లైసెన్సు తుపాకీ: మన జిల్లాల్లో తరచుగా వినిపించే అపోహలు, వాస్తవాలు

జిల్లా సాయుధ రిజర్వు పోలీసులో ముప్పై ఏళ్ళకు పైగా ఆయుధాల మరమ్మతు పని చేశాను. శాఖలో ఈ పని చేసేవారిని ఆర్మరర్ అంటారు. పదవీ విరమణ చేసి నెల్లూరులో స్థిరపడిన తరువాత కూడా ఉదయగిరి, కనిగిరి, గిద్దలూరు వైపు రైతులు, రొయ్యల చెరువుల యజమానులు, బ్యాంకుల్లో కాపలా ఉద్యోగం చేస్తున్న మాజీ సైనికులు తమ తుపాకీ గురించో, దాని కాగితాల గురించో అడగడానికి వస్తూనే ఉన్నారు. తుపాకీతో నేరం చేసి చిక్కుల్లో పడినవారిని నేను కొద్దిమందినే చూశాను. ఎవరో చెప్పిన మాట నమ్మి, ఏ దురుద్దేశమూ లేకుండానే చట్టానికి ఎదురుగా నిలబడినవారిని మాత్రం చాలామందిని చూశాను. ఈ వ్యాసం వారి కోసమే రాస్తున్నాను.

అపోహ: తండ్రి పేరు మీద లైసెన్సు ఉంటే, ఆయన తరువాత తుపాకీ సహజంగానే కొడుక్కి వస్తుంది.

పొలం పట్టా వారసత్వంగా వచ్చినట్లు తుపాకీ రాదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు ఒక వ్యక్తికి ఇస్తారు. ఇంటికో, వంశానికో ఇవ్వరు. లైసెన్సుదారు మరణించిన రోజునుంచి ఆ ఇంట్లో తుపాకీని ఉంచుకునే అధికారం ఎవరికీ ఉండదు. వారసులు అనవసరమైన ఆలస్యం చేయకుండా దానిని దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు కలిగిన ఆయుధాల డీలరు వద్ద గానీ అప్పగించి రసీదు తీసుకోవాలని 21వ సెక్షన్ చెబుతుంది. ఆ తరువాత అర్హత ఉన్న వారసుడు తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సు మంజూరైతే అదే తుపాకీ చట్టబద్ధంగా అతని చేతికి వస్తుంది.

ఒకసారి మెట్ట ప్రాంతం నుంచి ఒక రైతు తండ్రిగారి జోడు నాళీల తుపాకీని గోనె సంచిలో చుట్టుకొని, బస్సెక్కి నా దగ్గరకు వచ్చారు. నాళికి పట్టిన తుప్పు వదిలించాలని ఆయన కోరిక. తండ్రి పోయి రెండేళ్ళు దాటింది, లైసెన్సు పుస్తకం గడువు అంతకుముందే ముగిసింది. ఆయన ఎంతో మర్యాదస్థులు, తండ్రి జ్ఞాపకంగా ఆ తుపాకీని ప్రాణంలా చూసుకుంటున్నారు. కానీ చట్టం దృష్టిలో ఆ సంచిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. 2019 సవరణ తరువాత అలాంటి ఆయుధం కలిగి ఉన్నందుకు రెండేళ్ళకు తగ్గకుండా, ఐదేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. నేను తుపాకీని ముట్టుకోలేదు. ఒక న్యాయవాదిని వెంటబెట్టుకొని స్టేషన్‌కు వెళ్ళి, జరిగినది జరిగినట్లు రాతపూర్వకంగా చెప్పి అప్పగించమని పంపించాను. రెండేళ్ళ ముందు ఒక్క పూట కేటాయించి ఉంటే ఆయనకు ఆ భయం, ఆ ఖర్చు ఉండేవి కావు.

పెద్దవారు బతికి ఉండగానే ఈ పని చక్కబెట్టుకోవడానికి కూడా దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ ఆయన వద్ద 25 ఏళ్ళుగా ఉన్నా, వీటిలో ఏది ముందైతే అప్పుడు, వారసుల్లో ఒకరి పేరు సూచించి బదిలీ కోరడానికి 2016 నాటి ఆయుధాల నియమావళి వీలు కల్పించింది. ఇంట్లో డెబ్బై దాటిన తండ్రిగారు, ఆయన పేరు మీద తుపాకీ ఉన్నవారు ఈ పనిని వచ్చే సంక్రాంతికో, పై ఏడాదికో వాయిదా వేయకండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: 2019 సవరణ ఒక వ్యక్తికి ఉండగల తుపాకుల సంఖ్యను మూడునుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండింటిలోనే లెక్కకు వస్తాయి.

అపోహ: యజమానికి లైసెన్సు ఉంది కాబట్టి తోట కాపలా మనిషి ఆ తుపాకీ పట్టుకు తిరగవచ్చు.

తిరగకూడదు. లైసెన్సు లేని మనిషి తుపాకీని మోయడానికి చట్టం ఇచ్చిన మినహాయింపు చాలా చిన్నది. లైసెన్సుదారు ఎదుట గానీ, ఆయన రాసి ఇచ్చిన అనుమతితో గానీ, మరమ్మతుకో, లైసెన్సు నవీకరణకో, ఆ లైసెన్సుదారు స్వయంగా వాడుకోవడానికో తీసుకువెళ్ళవచ్చు. చేపల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా కాయడం ఇందులోకి రాదు. లైసెన్సుదారు భార్యకూ, బిడ్డలకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: తుపాకీ ఉంచుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు.
దీనికి పూర్తిగా ఎదురైన అపోహ: లైసెన్సు అనేది కలెక్టరుగారి దయ, ఇవ్వకపోతే అడిగే దారి లేదు.

ఈ రెండూ తప్పే. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేసిందన్న ఆగ్రహం స్వాతంత్ర్యోద్యమంలో బలంగా ఉండేది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరుని హక్కులలో చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దీనిని ప్రాథమిక హక్కుగా చేర్చాలని ప్రతిపాదించగా, అంబేడ్కర్ వ్యతిరేకించారు, సభ అంగీకరించలేదు. కాబట్టి అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టి హక్కు మనకు లేదు. మన దగ్గర లైసెన్సు చట్టం ఇచ్చే అనుమతి మాత్రమే.

అయితే ఆ అనుమతి అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడినదని కూడా అనుకోకూడదు. దరఖాస్తుదారుకు చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. నిరాకరిస్తే కారణాలను రాతలో నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి భంగం కలుగుతుందని భావిస్తే తప్ప, దరఖాస్తుదారు కోరినప్పుడు వాటిని క్లుప్తంగా తెలియజేయాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఎకరాల లెక్క చూపిస్తేనే ఫైలు కదులుతుందని మధ్యవర్తులు చెప్పే మాట విని డబ్బు పోగొట్టుకున్న సన్నకారు రైతులు నాకు తెలుసు. దరఖాస్తులో చూపవలసినది ఆస్తి కంటే ముందు అవసరం: ఏ ముప్పు ఉంది, ఎప్పుడు ఫిర్యాదు చేశారు, పొలం అడవికి ఎంత దూరంలో ఉంది అన్నవే. వయసు 21 ఏళ్ళు నిండాలి, సురక్షిత నిర్వహణలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం ఉండాలి, పోలీసు విచారణ పూర్తి కావాలి. ఇప్పుడు లైసెన్సు కాలపరిమితి ఐదేళ్ళు. గడువుకు కనీసం రెండు నెలల ముందే నవీకరణకు దరఖాస్తు చేయండి.

అపోహ: పంట రక్షణకు ఇచ్చిన తుపాకీతో అడవి పందిని కాల్చవచ్చు.

నల్లమల, వెలిగొండల అంచున వేరుశనగ, మొక్కజొన్న వేసే రైతుల బాధ నాకు తెలియనిది కాదు. ఒక్క రాత్రిలో పందుల మంద ఎకరం కాయను తవ్విపోస్తే ఆ ఇంట్లో ఏడాది తిండి పోయినట్లే. అయినా ఇక్కడ రెండు చట్టాలు వేరువేరుగా పనిచేస్తాయి. పంట రక్షణ కోసం, నాళి మూతినుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి ఆయుధాల చట్టం అవకాశం కల్పిస్తుంది. అది ఆయుధం ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే. జంతువును చంపడానికి అనుమతి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అటవీశాఖ నుంచి రావాలి. 2022 సవరణ తరువాత అడవి పంది ఆ చట్టం రెండవ షెడ్యూలులో, అంటే రక్షిత జంతువుల జాబితాలో, ఉంది. పంటకు ప్రమాదకరంగా మారిందని నిర్ధారించి, కారణాలు రాసి, అధికారం కలిగిన అధికారి ఉత్తర్వు ఇస్తేనే దానిని వేటాడవచ్చు. ఆ ఉత్తర్వు చేతిలో లేనంతవరకు శబ్దం చేసి బెదరగొట్టడం వరకే మన పరిధి.

మన జిల్లాల్లో చాలామందికి తెలియని మరొక నిబంధన ఉంది. అభయారణ్యంలో గానీ, దానికి పది కిలోమీటర్ల లోపు గానీ నివసించే లైసెన్సుదారులు తమ పేరును ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి వద్ద నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. ఆ పది కిలోమీటర్ల పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ఆయన ముందస్తు సమ్మతి అవసరం. పెంచలకోన వద్ద పెనుశిల నరసింహ అభయారణ్యం చుట్టుపక్కల గ్రామాలవారు, యర్రగొండపాలెం, పెద్దదోర్నాల వైపు పులుల అభయారణ్యం అంచున ఉన్నవారు తమ దరఖాస్తు ఎందుకు ఆలస్యమవుతోందని నన్ను అడిగినప్పుడు, మొదట ఈ విషయమే కనుక్కోమంటాను.

నాటుబాంబులు, పొలం చుట్టూ కరెంటు తీగలు మాత్రం ఏ చట్టం కిందా రక్షణ లేని పనులు. పందికని పెట్టిన తీగ తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన పక్క పొలం మనిషిని చంపుతుంది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

అపోహ: ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర లేదు కాబట్టి పిట్టలను కొట్టవచ్చు.

మొదటి సగం కొంతవరకే నిజం. నాళి 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు శక్తి 20 జౌల్‌ల లోపు ఉన్న వాటికే ఆ మినహాయింపు. రెండవ సగం పూర్తిగా తప్పు. రక్షిత పక్షిని దేనితో కొట్టినా అది వేటే. పులికాట్, నేలపట్టు పక్షులను చూసి పెరిగిన నేల మనది. పిల్లల చేతికి ఎయిర్ గన్ ఇచ్చేవారు ముందు కాగితం గురిబోర్డు కొనివ్వండి.

అపోహ: పెళ్ళిలో గాలిలోకి కాలిస్తే ఎవరికీ ప్రమాదం లేదు.

పైకి వెళ్ళిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి రావలసిందే. నిటారుగా కాల్చామనుకున్నా చేయి ఏటవాలుగానే ఉంటుంది. 0.315 రైఫిలు గుండు కిలోమీటరు దాటి కూడా మనిషిని చంపగలదు. వేడుకల్లో మనుషుల ప్రాణానికి ముప్పు కలిగేలా కాల్చడాన్ని 2019 సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది: రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తిరునాళ్లకు, మతపరమైన ఊరేగింపులకు, విద్యాసంస్థల ఆవరణలోకి తుపాకీ తీసుకువెళ్ళకూడదన్న షరతు లైసెన్సు పుస్తకంలోనే ఉంటుంది. ఆ పేజీని ఒకసారి తీరికగా చదవండి.

అపోహ: 12 బోరు తూటా ఏదైనా 12 బోరు తుపాకీకి సరిపోతుంది.

ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 12 బోరు అంటే 12 మిల్లీమీటర్లు కాదు, పన్నెండు గుళ్ళూ కాదు. ఒక పౌండు సీసం లోహాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు ఎంత వెడల్పు ఉంటుందో అంత నాళి అని అర్థం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇది వెడల్పు లెక్క మాత్రమే. తూటా కూర్చునే గది పొడవు వేరే లెక్క. పాత తుపాకుల్లో ఆ గది సాధారణంగా 65 మిల్లీమీటర్లు, తరువాతి వాటిలో 70, మరికొన్నిటిలో 76 ఉంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తూటా పెట్టె మీద రాసే 70 మిల్లీమీటర్ల పొడవు, పేలిన తరువాత మూతి పూర్తిగా విచ్చుకున్న తూటాది. పేలకముందు మూతి మడిచి ఉండటం వల్ల అది 65 గదిలోకి కూడా సాఫీగా దిగిపోతుంది, తుపాకీ మూసుకుంటుంది, అంతా సరిగానే ఉన్నట్లు కనిపిస్తుంది. పేల్చినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక నాళి మొదట్లో అడ్డుపడుతుంది, ఒత్తిడి హద్దు దాటుతుంది. తూటా పట్టింది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. నాళి అడుగున, గది పక్కన కొట్టిన ముద్రలను తెలిసినవారి చేత చదివించండి. నాళి మీద పాము చర్మం మీద ఉన్నట్టి మెలికల గీతలు కనిపిస్తే అది పాతకాలపు నల్ల తుపాకీమందు వాడిన రోజుల నాటి డమాస్కస్ నాళి కావచ్చు. అందులో ఈనాటి తూటా ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి.

అపోహ: తోలు సంచిలో, నూనె దట్టంగా పూసి ఉంచితే తుపాకీ భద్రంగా ఉంటుంది.

కావలి నుంచి కొత్తపట్నం వరకు సముద్రపు గాలి ఉప్పుతో కూడి ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల నెలల్లో గోడలే చెమరుస్తాయి. తోలు ఆ తేమను పీల్చి ఇనుముకు ఆనించి ఉంచుతుంది. తోలు సంచి ప్రయాణానికే గానీ నిల్వకు పనికిరాదు. కొబ్బరినూనె వంటివి కొన్నాళ్ళకు జిగురై, దుమ్ము పట్టి, లోపలి కదిలే భాగాలను బిగదీస్తాయి. తుపాకీ నూనెను ఫ్లానెల్ గుడ్డతో పలుచగా తుడిచి, గాలి ఆడే ఇనుప బీరువాలో తాళం వేసి ఉంచండి, తూటాలను వేరే తాళంలో పెట్టండి. వానల నెలల్లో పదిహేను రోజులకోసారి తీసి చూడండి. చెమ్మగిల్లిన తూటాలను ఎండలో ఆరబెట్టకండి. వాటిని వాడకుండా స్టేషన్‌లో గానీ డీలరు వద్ద గానీ సంప్రదించండి.

అపోహ: సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి ఉంటే తుపాకీ పేలదు.

చాలా జోడు నాళీల తుపాకుల్లో సేఫ్టీ ఆపేది ట్రిగ్గరును మాత్రమే. లోపల సుత్తి అప్పటికే ఎక్కుపెట్టి ఉంటుంది. అరిగిపోయిన పాత తుపాకీ కింద పడితే ఆ సుత్తి జారవచ్చు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో, ఖాళీ అని చెప్పి ఇచ్చిన ఒక తుపాకీని నేను తెరిచి చూడకుండానే బల్ల మీద పెట్టుకున్నాను. తరువాత తెరిస్తే ఎడమ నాళిలో తూటా ఉంది. ఆ రోజు నా ఎదురుగా మరో ఇద్దరు కూర్చొని ఉన్నారు. అప్పటినుంచి ఎవరు ఏమి చెప్పినా, చేతికి వచ్చిన ప్రతి తుపాకీనీ మూతి నేల వైపు ఉంచి, తెరిచి, రెండు నాళీలూ కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకుంటాను. మీరూ అలాగే చేయండి, ఇచ్చినది కన్నతండ్రే అయినా.

అపోహ: ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన తుపాకీ గురించి మనం పట్టించుకోనక్కర లేదు.

అప్పగించమని నోటీసు వస్తే గడువులోగా అప్పగించాలి. బ్యాంకు కాపలా ఉద్యోగం చేసేవారు బ్యాంకు లేఖతో మినహాయింపు కోరవచ్చు. అయితే స్టేషన్‌లో సొత్తు భద్రపరిచే మాల్‌ఖానా గదిలో నెలల తరబడి గోడకు ఆనించి ఉన్న తుపాకులను తుడిచేందుకు సిబ్బందికి తీరిక ఉండదు. నా దగ్గరకు వచ్చిన తుప్పు నాళీలలో చాలా భాగం అలా పాడైనవే. అందువల్ల అప్పగించే ముందు రోజు నాళి లోపల, బయట నూనె రాయండి, సంఖ్య కనిపించేలా ఫోటో తీసుకోండి, చెక్క మీద ఉన్న గీతలను కూడా రసీదులో రాయించండి, తూటాల సంఖ్యను విడిగా నమోదు చేయించండి. ఎన్నికల ప్రక్రియ ముగిసిన వెంటనే రసీదు పట్టుకొని వెళ్ళి, తుపాకీని అక్కడే తెరిచి, నాళిని వెలుతురుకు పెట్టి చూసిన తరువాతే సంతకం చేయండి.