కలిసి బతికిన బొమ్మలవాళ్లు

బొమ్మలు వేసే పిల్లలకు, చెన్నై నుంచి మీ డ్రాయింగ్ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరాల్లో ఒక ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. "మా క్లాసులో బొమ్మలు వేసేది నేనొక్కణ్నే. చూపిస్తే ఫ్రెండ్స్ 'సూపర్' అని వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్లు 'ముందు లెక్కలు చూసుకో' అంటారు. నాలాంటివాళ్లు నాకెక్కడ దొరుకుతారు తాతయ్యా?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాదు. అందుకని మా ఊళ్లో జరిగిన ఒక సంగతి చెబుతాను.

చెన్నైలో పూనమల్లి హైరోడ్డు మీద ఎర్ర కట్టడాలతో ఒక పాత ఆర్ట్ కాలేజీ ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు గారు మొదలుపెట్టారు. దానికి ప్రిన్సిపాల్ అయిన మొదటి భారతీయుడు దేవీప్రసాద్ రాయ్‌చౌధురి. మెరీనా బీచ్‌లో నలుగురు కార్మికులు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం చూశారు కదా, అది ఆయన చేసిందే. మన విజయనగరం అంట్యాకుల పైడిరాజు గారు కూడా ఆయన దగ్గరే చదువుకున్నారు. 1957లో రాయ్‌చౌధురి గారి శిష్యుడు కె.సి.ఎస్. పణిక్కర్ ఆ కుర్చీలోకి వచ్చారు. నేను చెప్పాలనుకున్నది ఈయన గురించే.

పణిక్కర్ గారు తన విద్యార్థుల్లో ఒక విషయం గమనించారు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ అద్భుతంగా వేసేవాళ్లు. బయటికెళ్లాక బతుకుతెరువు కావాలి కదా, ఏదో ఒక ఉద్యోగంలో చేరేవాళ్లు. కొన్నాళ్లకు బ్రష్షు పట్టుకోవడమే మానేసేవాళ్లు. ఆ రోజుల్లో మద్రాసులో బొమ్మలు కొనేవాళ్లు చాలా తక్కువ. ఇలాంటప్పుడు మంచి గురువులు ధైర్యం చెబుతారు. ఈయన ఒకడుగు ముందుకేసి లెక్క వేశారు. ఒక్కడు బొమ్మలు అమ్ముకుని బతకలేడు. పదిమంది కలిసి చేతిపని చేస్తే తిండికి సరిపోతుంది, ఆ పైన మిగిలిన టైమంతా ఎవరి బొమ్మ వాళ్లు వేసుకోవచ్చు.

అలా శిష్యులూ ఆయనా కలిసి ఒక హస్తకళల సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు ఎక్కువ డబ్బు తెచ్చిన పని బాతిక్. అదెలా చేస్తారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వాళ్ల స్నేహం ఎలాంటిదో ఆ పనిలోనే కనిపిస్తుంది నాకు.

ముందు తెల్లగుడ్డ మీద పెన్సిల్‌తో బొమ్మ గీసుకుంటారు. తెల్లగా మిగలాల్సిన చోట కరిగించిన మైనం బ్రష్షుతో పూస్తారు. మైనం బాగా వేడిగా ఉంటేనే గుడ్డకు రెండోవైపు దాకా దిగుతుంది. కాస్త చల్లారితే పైపైనే పేరుకుంటుంది, అప్పుడు అడుగు నుంచి రంగు దూరిపోతుంది. తర్వాత గుడ్డను చల్లటి రంగునీళ్లలో ముంచాలి. వేడినీళ్లయితే మైనం కరిగిపోతుంది. ముందు పసుపు లాంటి లేత రంగు. అది ఎక్కడ నిలవాలో అక్కడ మళ్లీ మైనం పూసి, అప్పుడు ఎరుపు. అన్నిటికంటే ముదురు రంగు ఆఖర్న. మధ్యలో గుడ్డను నలిపితే మైనం పగులుతుంది, ఆ పగుళ్లలోకి రంగు దిగి సన్నటి గీతలు పడతాయి. చివర్లో మరిగే నీళ్లలో వేసి మైనమంతా తీసేస్తారు. ఆ గీతలు ఎక్కడ పడతాయో వేసినవాడికి కూడా ముందు తెలియదు. పొయ్యి దగ్గర ఒకరు, రంగు తొట్టి దగ్గర ఒకరు, ఆరబెట్టేవాళ్లు వేరే ఒకరు ఉంటే పని సాగుతుంది. ఒక్కరే చెయ్యాలంటే మైనం చల్లారిపోతూ ఉంటుంది.

ఆ గుడ్డలు అమ్మగా వచ్చిన డబ్బు కూడబెట్టి, మహాబలిపురం వెళ్లే దారిలో ఇంజంబాక్కం దగ్గర సముద్రం పక్కన ఇసుక నేల కొన్నారు. 1966లో అక్కడ వెలిసిందే చోళమండలం చిత్రకారుల గ్రామం. కలిసి ఇళ్లు కట్టుకున్నారు, పని చేసుకునే షెడ్లు వేసుకున్నారు, నాట్యాలకూ కవితలు చదువుకోవడానికీ ఆరుబయట ఒక వేదిక కట్టుకున్నారు. ఏ జమీందారూ, ఏ ప్రభుత్వమూ కట్టించి ఇచ్చిన ఊరు కాదు పిల్లలూ అది. మైనం పూసిన చేతులతో సంపాదించుకున్న ఊరు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. ఇంతమంది ఒకేచోట ఉన్నారు కదా, అందరి బొమ్మలూ ఒకేలా ఉండాలి. అలా లేవు. పణిక్కర్ గారు అక్షరాల్లాంటి, జాతకచక్రాల్లాంటి గుర్తులతో కాన్వాసు నింపేవారు. పి.వి. జానకీరామ్ రాగిరేకును సుత్తితో కొట్టి దేవతామూర్తులు చేసేవారు. పణిక్కర్ గారి అబ్బాయి నందగోపాల్ కూడా లోహంతోనే పని చేశారు, అయినా ఆ శిల్పాలు వేరు, ఈ శిల్పాలు వేరు. సుల్తాన్ అలీ ఒకప్పుడు మన మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పారు, తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆయన బొమ్మల్లో గిరిజనుల బొమ్మల పోలికలు కనిపిస్తాయి. విశ్వనాథన్ ప్యారిస్ వెళ్లిపోయారు, వాసుదేవ్ బెంగళూరు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లను చోళమండలంవాళ్లు కాదని ఎవరూ అనరు. మీ గుంపులో ఎవరైనా అందరూ తనలాగే వెయ్యాలని పట్టుబడితే, అక్కడ కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఒక కష్టమైన విషయం కూడా చెప్పాలి. మీరు పెద్దవుతున్నారు, దాచడం నాకిష్టం లేదు. ఆ ఊళ్లో రామానుజం అనే కుర్రాడు ఉండేవాడు. పెన్నూ ఇంకుతో కలల్లో కనిపించే నగరాలు గీసేవాడు. గోపురాలు, పాములు, రెక్కల జీవాలు, వాటి మధ్య టోపీ పెట్టుకుని తనూ. అతని మనసుకు జబ్బు ఉండేది. పణిక్కర్ గారు చేరదీశారు, తోటివాళ్లు పక్కనే ఉన్నారు. అయినా 1973లో చిన్న వయసులోనే పోయాడు. తోడు ఉండబట్టే అన్ని బొమ్మలు వేయగలిగాడని నేను నమ్ముతాను. కానీ మనసు జబ్బుకు స్నేహితుల ప్రేమ ఒక్కటే చాలదు, డాక్టరు కావాలి. మీ నేస్తం ఎవరైనా తిండీ నిద్రా మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, "ఆర్టిస్టులు అంతే" అని ఊరుకోవద్దు. ఆ రోజే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

ఇక మీ సంగతి. మీకు సముద్రం పక్కన స్థలం అక్కర్లేదు. ఇద్దరు చాలు. ఆ రెండోవాళ్లు బొమ్మలే వెయ్యాలని కూడా లేదు, కథలు రాసే అమ్మాయి కావచ్చు, మృదంగం నేర్చుకునే అబ్బాయి కావచ్చు. రంగులు చందా వేసుకుని కొనండి. ఒకరి దగ్గర మంచి బ్రష్షుంటే వంతులవారీగా వాడుకోండి. కలిసి ఎక్కడికైనా వెళ్లి, ఒకే వస్తువును ఎవరికి వాళ్లు గీయండి. మీరు చెన్నైలో ఉంటే ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లండి. అమరావతి స్తూపం శిల్పాలు ఎన్నో అక్కడే ఉన్నాయి. మన కృష్ణాతీరం రాళ్లు, మన తాతముత్తాతల చేతిపని. వాటి ముందు కూర్చుని ఒక తామరపువ్వు గీసి చూడండి, ఆ ఉలి ఎంత ఓపిగ్గా నడిచిందో అర్థమవుతుంది.

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న పిల్లలు వస్తారు. బొమ్మలన్నీ గోడకు ఆనించి పెడతాం. "బాగుంది", "బాగోలేదు" అనే మాటలు మొదట ఎవరూ అనకూడదు. ముందు కళ్లకు కనిపించింది చెప్పాలి. మొన్న ఒక పాప బస్టాండు వేసింది. పక్కనున్న అబ్బాయి "ఈ ముసలాయన అందరికంటే పెద్దగా ఉన్నాడు, కానీ వెనకాల నిలబడ్డాడు" అన్నాడు. పాప కాసేపు చూసుకుని, "ఆయన మా తాత, అందుకే పెద్దగా వేసేశానేమో" అంది. తాతను ముందుకు తెచ్చి మళ్లీ వేసింది. ఆ అబ్బాయి 'సూపర్' అని ఊరుకుని ఉంటే రెండో బొమ్మ పుట్టేది కాదు. ఇంత శ్రద్ధగా మీ బొమ్మను చూసేవాళ్లు ఎవరో వెతుక్కోండి. అంతకంటే ముందు మీరు ఇంకొకరి బొమ్మను అలా చూడండి, వాళ్లే మీ దగ్గరికి వస్తారు.

చెన్నైకి వస్తే చోళమండలం తప్పకుండా చూడండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద వెళ్లే బస్సెక్కి ఇంజంబాక్కంలో దిగితే సరిపోతుంది. 2009లో అక్కడ మ్యూజియం తెరిచారు, ఆనాటివాళ్ల బొమ్మలూ శిల్పాలూ అందులో ఉన్నాయి. బయట చెట్ల కింద రాతి శిల్పాలు, లోహపు శిల్పాలు ఉంటాయి. ముందు లోపలికి వెళ్లి పేర్లు చదవకుండా బొమ్మలు చూడండి, ఏది ఎవరిదో ఊహించండి, తర్వాత పేర్లు చూసుకోండి. పుస్తకం, పెన్సిల్, మంచినీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు. అక్కడ ఎండ గట్టిగా ఉంటుంది. అక్కడ గీసినవాటిలో ఒకటి నాకు పోస్టులో పంపండి. నాకు కనిపించింది రాసి తిప్పి పంపుతాను.

మీ తాతయ్య