తండ్రిని వెతికే నవల: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: నాన్న ఎందుకెళ్లాడో చివరిదాకా దాచితేనే ఉత్కంఠ.

వాస్తవం: మొదటి ముప్పై పేజీల్లోనే ఒక కారణం చెప్పేయండి, కాకపోతే అది సగమే నిజమవ్వాలి. నానమ్మ "అప్పులకి జడిసి ఎల్నాడు" అంటుంది. అప్పిచ్చినాయనేమో "నా బాకీ ఎప్పుడో తీర్చీసినాడు" అంటాడు. ఈ రెండూ పొసగవు గనకే కుర్రాడు గడప దాటుతాడు.

అపోహ: కల్పనే కదా, తేదీలెవరు చూస్తారు?

వాస్తవం: ఎక్కువ రాతప్రతులు మునిగేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి చిక్కడం, 2020 జనవరిలో విడుదలవడం తెలిసిందే. మీ కుర్రాడు జులైలో వేరావల్ దిగి, వేట నుంచొస్తున్న బోటులో నాన్నని చూశాడని రాస్తే ఆ ఊళ్లో ఒక్కరూ నమ్మరు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు వేట నిషేధం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంటే జూన్ మొదటి పక్షంలో రెండు వైపులా బోట్లు ఒడ్డునే. అందరి నాన్నలూ ఇంటి దగ్గరుంటారు, వీడి నాన్న తప్ప. వెతుకులాట అప్పుడే మొదలుపెట్టండి.

ఏడాది, తండ్రి వయసు, కొడుకు వయసు, ఊళ్లో జరిగింది: ఈ నాలుగు గళ్ల పట్టిక గోడకి అంటించుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కవిటి, సోంపేట వైపున్న ఉద్దానం కొబ్బరి తోటల్ని కూల్చేసింది. 2019 కథలో కవిటి తోటలో నాన్న నాటిన చెట్టు నిలిచే ఉందంటే, ఎలా నిలిచిందో కూడా రాయాలి.

అపోహ: ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టే, మరణ ధ్రువపత్రం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షనైనా, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షనైనా చెప్పేది ఒకటే: బతికే ఉన్నాడనేవాళ్లే రుజువు చూపాలి. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లాల్సింది ఇంట్లోవాళ్లే. "కబురేదీ లేదు" అని తల్లి సంతకం చేస్తుంటే కొడుకు జేబులో నాన్న ఉత్తరం ఉంటే? ఆ సీను వదలకండి.

అపోహ: ఉత్తరాంధ్ర యాసంటే ప్రతి మాటకీ "ఏటి" తగిలించడమే.

వాస్తవం: యాస ఎక్కువగా క్రియల్లో ఉంటుంది. విజయనగరం లెక్చరరు, సోంపేట కొబ్బరి కూలీ ఒకేలా మాట్లాడరు.

అపోహ: నాన్న దొరికితే కథ అయిపోయినట్టే.

వాస్తవం: ఆ తర్వాతకి కనీసం ఐదో వంతు పేజీలు ఉంచుకోండి. తండ్రి నోటి మొదటి మాట క్షమాపణ కానక్కర్లేదు. "ఎక్కడెక్కినావు, ఆమదాలవలసా, పలాసా?" అని అడిగితే చాలు. శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషను లేదు, ఆమదాలవలసే దిక్కు. భార్య పుట్టిల్లు పలాస వైపు అనుకోండి. కొడుకు "పలాస" అంటే, ఆమె తన ఇల్లు వదిలి పుట్టింటికి చేరిందని ఆ మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.