దూరపు గుడి, దగ్గర గుడి

చంద్రుడి చుట్టూ వలయం కనబడితే మన పల్లెల్లో వరదగుడి కట్టిందంటారు. పుస్తకాల్లో దాని పేరు పరివేషం. వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషాలకు ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అని సామెత కూడా ఉంది. ఒకే వలయం ఒకరోజు చంద్రుడికి ఎడంగా, ఇంకోరోజు దగ్గరగా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. అవి రెండు వేర్వేరు గుళ్లు: ఒకటి మంచు కట్టేది, రెండోది నీటి తుంపర కట్టేది.

పెద్దదాని, అంటే మంచు కట్టే దూరపు గుడి సంగతి ముందు. మే నెలలో విజయవాడ ఎండలకు మాడిపోతున్నా, పది కిలోమీటర్ల ఎత్తున గాలి సుమారు మైనస్ 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అక్కడ పల్చటి తెరలా పరుచుకునే సిర్రోస్ట్రేటస్ మబ్బులో పెన్సిల్ ముక్కల్లాంటి ఆరు పలకల మంచు స్ఫటికాలుంటాయి. వెలుగు ఒక పక్క పలకలోంచి దూరి, మధ్యలో ఒక పలక వదిలి ఆ తర్వాతి పలకలోంచి బయటికొస్తే, 60 డిగ్రీల పట్టకం గుండా వెళ్లినట్టే లెక్క. వెలుగు ఎంత వంగుతుందో చెప్పే మంచు వక్రీభవన గుణకం 1.31 కాబట్టి, కిరణం ఎంత తక్కువ వంగినా దాదాపు 22 డిగ్రీలు వంగాల్సిందే. స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నా ఎక్కువ వెలుగు ఆ కోణం దగ్గరే పోగవుతుంది. అంతకంటే తక్కువ వంగే కిరణం లేదు గనుక వలయం లోపలి ఆకాశం బయటికన్నా నల్లగా ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తక్కువ వంగుతుంది, అందుకే అది లోపలి అంచున ఉంటుంది.

కొలవడానికి జాన చాలు. చేయి బారజాపి బొటనవేలి కొనను చంద్రుడి మీద పెట్టి వేళ్లు చాపితే, చిటికెన వేలి కొన ఇంచుమించు వలయాన్ని తాకుతుంది.

దగ్గర గుడి దీనికన్నా చాలా చిన్నది. ఆల్టోక్యుములస్ లాంటి, మధ్య ఎత్తులో ముద్దలు ముద్దలుగా ఉండే మబ్బుల్లోని నీటి బిందువుల చుట్టూ వెలుగు వివర్తనం చెందితే, అంటే అంచుల దగ్గర వంగి చెదిరితే, వస్తుందది. బిందువు వ్యాసం 20 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య వెలుగు చంద్రుడి నుంచి సుమారు రెండు డిగ్రీల దగ్గర ముగుస్తుంది. బిందువులు చిన్నవైతే వలయం పెద్దదవుతుంది. ఇక్కడ ఎరుపు బయటి అంచున ఉంటుంది. అనుమానమొస్తే ముందు ఎరుపు ఎక్కడుందో చూడాలి. కళ్లజోడు మీద ఆవిరి ఉన్నా ఇలాంటి వలయమే కనిపిస్తుంది. తుడిచి మళ్లీ చూడండి.

సామెతలో నిజమెంత? తుపాను మేఘాల పైభాగం నుంచి మంచు మబ్బులు వందల కిలోమీటర్లు ముందుకు పాకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వైపు నుంచి తెర పరుచుకుంటూ వచ్చి, పెద్ద గుడి కట్టి, గంట గంటకూ మబ్బు చిక్కబడి కిందికి దిగుతుంటే దాన్ని పట్టించుకోవాలి. వరి పనల మీద ఉండే కాలమది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది ఆ రోజుల్లోనే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి కల్లాల మీద కనిపించే గుడి సంగతి వేరు. పడమటి గాలులు మోసుకొచ్చే సిర్రస్ అనే ఎత్తైన మంచు మబ్బు చుక్క రాల్చకుండా వెళ్లిపోవడం మామూలే. గుడి ఒక్కదాన్నే నమ్మి పట్టాలు కప్పడం, కప్పకపోవడం రెండూ సరికాదు. వాతావరణ శాఖ హెచ్చరిక, ఉపగ్రహ చిత్రం చూసే నిర్ణయించుకోవాలి.

సూర్యుడి చుట్టూ కూడా ఇలాగే గుడి కడుతుంది. ఆ పగటి గుడిని చూసేటప్పుడు సూర్యుడు కంట పడకూడదు. నల్ల కళ్లద్దాలు సరిపోవు. కరెంటు స్తంభం చాటునో, వాటర్ ట్యాంకు నీడలోనో నిలబడి చూడాలి. ఫోన్‌లో జూమ్ వద్దు: వలయం అడ్డంగా 44 డిగ్రీలుంటుంది, మామూలు లెన్సులోనే పూర్తిగా ఇముడుతుంది. రాత్రయితే శుద్ధ దశమి నుంచి బహుళ పంచమి దాకా చంద్రకాంతి చాలినంత ఉంటుంది. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి నైట్ మోడ్‌లో తీయండి.

పొద్దున్న, సాయంత్రం సూర్యుడికి రెండు పక్కలా, అదే ఎత్తులో, రంగు మచ్చలు వెలుగుతాయేమో కూడా వెతకండి. పల్చటి బిళ్లల్లాంటి మంచు స్ఫటికాలు నేలకు సమాంతరంగా తేలితే అవి పుడతాయి. సూర్యుడు దిక్చక్రం నుంచి 61 డిగ్రీల ఎత్తు దాటాక ఇక కనిపించవు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 58 డిగ్రీలు దాటితే మాత్రం అవే స్ఫటికాలు సూర్యుడికి బాగా దిగువన, దిక్చక్రానికి సమాంతరంగా, ఇంద్రధనుస్సు రంగుల పట్టీ గీయగలవు. విజయవాడ అక్షాంశంలో ఫిబ్రవరి మొదటి వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా మధ్యాహ్నాలు ఆ అవకాశం ఉంటుంది.